సెయింట్ మార్టెన్‌లో ఓడ దిగాక ఆ ఏడెనిమిది గంటలు ఎలా గడపాలి

క్రూయిజ్ ఓడ దిగేటప్పుడు తలుపు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. దాని మీద ‘ఆల్ అబోర్డ్’ అని, అంటే అందరూ తిరిగి ఎక్కేయాల్సిన టైము రాసి ఉంటుంది, నాలుగున్నర అనుకుందాం. చాలామంది దాన్ని చూసి ‘అబ్బో, ఇంకా బోలెడు టైముంది’ అనుకుని దిగిపోతారు. మీరు అక్కడే ఒక్క నిమిషం ఆగి, ఆ నాలుగున్నర నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సెయింట్ మార్టెన్‌లో సరదాగా తిరగడమా, రోడ్డు మీద టెన్షన్ పడటమా అన్నది ఆ లెక్క మీదే ఉంటుంది.

ఇది కరేబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. మొత్తం 87 చదరపు కిలోమీటర్లే, కానీ దాన్ని ఇద్దరు పంచుకున్నారు. దక్షిణం వైపు డచ్చివాళ్లది, ఉత్తరం వైపు ఫ్రెంచివాళ్లది. 1648లో చేసుకున్న ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. ఒక ఫ్రెంచివాడు, ఒక డచ్చివాడు ఒకేచోట నుంచి చెరో దిక్కుకి ఒడ్డు వెంబడి నడిచారట. ఎక్కడ ఎదురుపడితే అక్కడ గీత గీశారట. డచ్చివాడు దారిలో జిన్ను తాగి మెల్లగా నడిచాడని, అందుకే ఫ్రెంచివాళ్లకి ఎక్కువ భాగం దక్కిందని కథ చెబుతారు. మన పొలం గట్ల తగాదాలు ఇంత సులువుగా తేలితే బాగుండును. ఓడలు ఆగేది డచ్ వైపు, ఫిలిప్స్‌బర్గ్ ఊళ్లో.

బుక్ చేసే ముందే: వీసా

అమెరికాలో ఉంటూ ఫ్లోరిడా నుంచి ఓడ ఎక్కే తెలుగువాళ్లకి ఇది మొదటి మెట్టు. హెచ్-1బి మీద ఉండి పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు తీరిపోయినవాళ్లు ఈ ట్రిప్ పెట్టుకోకండి. ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చూపే రికార్డు) చెల్లుబాటులో ఉంటే, గడువు తీరిన స్టాంపుతోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు ఒకటుందని స్నేహితులు చెబుతారు. ఉన్నమాట నిజమే. కానీ హెచ్-1బి వాళ్లకి అది మెక్సికో, కెనడాలకి 30 రోజుల లోపు వెళ్లొచ్చినప్పుడే వర్తిస్తుంది. కరేబియన్ దీవులకి కూడా వర్తించేది ఎఫ్, జె వీసాల (చదువుకీ, ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకీ వచ్చినవాళ్ల) వాళ్లకి మాత్రమే. మెక్సికోలోని కోజుమెల్ క్రూయిజ్‌కి పనికొచ్చిన సలహాని ఇక్కడికి తీసుకొస్తే తిరిగి రావడం కష్టమవుతుంది. ఏమాత్రం అనుమానం ఉన్నా ఆఫీసులో మీ కేసు చూసే లాయర్‌ని అడగండి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్ల వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో చూడండి. ఇక దీవిలో దిగడానికి భారత పాస్‌పోర్టుకి విడిగా వీసా కావాలా అన్నది మీ దగ్గరున్న మిగతా వీసాలను బట్టి ఉంటుంది. డబ్బు కట్టకముందే క్రూయిజ్ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫ్రెంచ్ వైపుకి వేరే రూల్స్. అది యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లో భాగం కాదు. దారిలో గేటు గానీ పోలీసు గానీ కనపడరు, ఒక స్తంభం, రెండు జెండాలు ఉంటాయంతే. ఎవరూ ఆపట్లేదు కదా అని రూలు లేనట్టు కాదు, ఆ ప్రశ్న కూడా అదే ఈమెయిల్‌లో కలిపి అడిగేయండి.

ముందురోజు రాత్రి: గడియారం, సంచి, ఫోను

సెయింట్ మార్టెన్‌లో ఏడాది పొడుగునా ఒకటే టైము, గడియారాలు మార్చరు. ఎండాకాలంలో మయామీ టైమూ ఇక్కడి టైమూ ఒకటే. చలికాలంలో ఇక్కడ గంట ముందు ఉంటుంది. ఓడ కూడా గంట జరుపుతుందా, ఫ్లోరిడా టైములోనే ఉండిపోతుందా అన్నది ఓడని బట్టి. ముందురోజు రాత్రి గదికొచ్చే కాగితంలో గానీ యాప్‌లో గానీ రాసి ఉంటుంది, చదవండి. ఫోను మాత్రం ఒడ్డున సిగ్నల్ దొరకగానే తనంతట తాను టైము మార్చేసుకుంటుంది. అందుకని ఆటోమేటిక్ టైము ఆపేసి, ఓడ టైము పెట్టుకోండి. అంతకన్నా మంచిది, ఇంట్లో ఎవరిదో పాత చేతిగడియారం ఉంటుంది కదా, ముల్లులు ఉన్నది, అది తెచ్చుకోండి. మా నాన్నగారి పాత వాచీ ఆ రోజు మా నలుగురి స్మార్ట్ ఫోన్ల కన్నా ఎక్కువ పనిచేసింది.

ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. సముద్రం మీద ఓడ సెల్ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది. ఒడ్డున మీ ప్లాన్ డచ్ వైపు, ఫ్రెంచ్ వైపు రెండిటికీ వర్తిస్తుందో చూసుకోండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే అసలు డేటాయే అక్కర్లేదు.

సంచిలో ఓడ కార్డు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, నీళ్ల సీసా, టోపీ, సన్‌స్క్రీన్, తువ్వాలు, అమ్మానాన్నల మధ్యాహ్నం మందులు పెట్టుకోండి. చిన్న నోట్లుగా డాలర్లు. 2025 నుంచి ఇక్కడి అధికారిక డబ్బు కరేబియన్ గిల్డర్, కానీ డచ్ వైపు డాలర్లు ఎక్కడైనా చెల్లుతాయి. ఫ్రెంచ్ వైపు యూరో. ఓడ బఫేలోంచి పళ్లూ శాండ్‌విచ్‌లూ చుట్టి పట్టుకెళ్లకండి, దింపేచోట ఆపుతారు. సీల్ తీయని బిస్కెట్ ప్యాకెట్లకి సాధారణంగా ఏమీ అనరు.

వెనక్కి లెక్క

నాలుగున్నరకి ఎక్కాలంటే మూడున్నరకి రేవు గేటు దగ్గర ఉండాలి. ఆ గంట పారేసిన గంట అనుకోకండి, జెట్టీ పొడుగు, ఎండలో పెద్దవాళ్ల నడక, ఒకేసారి నాలుగు ఓడలొస్తే సెక్యూరిటీ దగ్గర క్యూ, అన్నీ అందులోనే పోతాయి. విమానాలు తల మీదుగా దిగే మాహో బీచ్ దీవి పడమటి కొసన ఉంది, అక్కడి నుంచి రావడానికి గంటంబావు వేసుకోండి. అంటే నేరుగా ఓడకే వచ్చేట్టయితే మాహోలో రెండుంబావుకి బయల్దేరాలి, ఊళ్లో రెండు గంటలు ఆగాలంటే పన్నెండుంబావుకే. పొద్దున తొమ్మిదింటికి దిగితే మీ చేతిలో నిజంగా ఉన్నది ఐదు గంటల చిల్లర. అందులో ఒక దూరం చోటు, ఒక దగ్గర చోటు పడతాయి. దూరంగా ఉన్నదానికి ముందు వెళ్లండి, ఊరు ఆఖరికి ఉంచుకోండి. ఊళ్లో ఉండగా ఏం జరిగినా నడిచి ఓడ చేరొచ్చు.

ఓడవాళ్లు అమ్మే టూరు తీసుకోవాలా, సొంతంగా వెళ్లాలా? ఓడ టూరు బండి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్తే ఆగదు. ధరలో తేడా చాలావరకు ఆ ధీమాకే. నా అభిప్రాయం అడిగితే, మాహోకి సొంతంగా వెళ్లండి, పడవ ప్రయాణాలు మాత్రం ఓడ ద్వారా తీసుకోండి. ఇక్కడ ఒక పడవ పందెం టూరుంది. అమెరికాస్ కప్ అనే పేరున్న పడవ పందెంలో నిజంగా పాల్గొన్న 12 మీటర్ల తరగతి తెరచాప పడవల్లో మిమ్మల్నే సిబ్బందిగా పెట్టి పందెం ఆడిస్తారు. 1987లో కప్పు గెలిచిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ పడవ కూడా అందులో ఉంది. ఈత రాకపోయినా ఫరవాలేదు, చేతులకి పని చెప్పే ఓపిక ఉంటే చాలు.

మాహో బీచ్: తల మీద విమానం

దీవి పడమటి కొసన, ప్రిన్సెస్ జూలియానా విమానాశ్రయం రన్‌వే మొదలయ్యేచోటే ఇసుక. మధ్యలో ఒక సన్న రోడ్డు, ఒక కంచె. రన్‌వే 2,300 మీటర్లే కాబట్టి పెద్ద విమానాలు మొదట్లోనే నేల తాకాలి, అందుకే బీచ్ మీదుగా అంత కిందుగా దిగుతాయి. ఇక్కడ గాలి ఎక్కువగా తూర్పు నుంచే వీస్తుంది, విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, కాబట్టి దాదాపు అన్నీ సముద్రం మీదుగా ఈ వైపు నుంచే వస్తాయి.

మొదట దూరంగా ఒక చుక్క. చుక్కకి రెక్కలొస్తాయి. చాలాసేపు కదలనట్టే ఉంటుంది. ఉన్నట్టుండి చక్రాలు కనపడతాయి, చక్రాల మీద గీతలు కనపడతాయి, పొట్ట కింద నూనె మరకలు కనపడతాయి. కొబ్బరిచెట్టు ఎత్తులో మీ మీదుగా పోతుంది. చప్పుడు చెవుల్లోకన్నా ముందు గుండెలో తెలుస్తుంది. మా అమ్మ చెప్పులు వదిలేసి వంగిపోయింది, తర్వాత పదినిమిషాలు నవ్వుతూనే ఉంది.

ఏ విమానం ఎప్పుడొస్తుందో ముందురోజే ఓడ వైఫైలో విమానాశ్రయం పేరు కొట్టి చూసుకోండి. బీచ్ పక్క బార్‌లో ఒక సర్ఫ్‌బోర్డు మీద రాక వేళలు రాసి నిలబెట్టడం కూడా ఇక్కడి అలవాటు. యూరప్ నుంచి వచ్చే పెద్దవి మధ్యాహ్నం పూట దిగుతాయి, అన్నీ రోజూ రావు. ఒకప్పుడు జనం ఎగబడి చూసిన డచ్ విమాన సంస్థ కెఎల్ఎం వాళ్ల జంబో జెట్ 747 రావడం 2016లోనే ఆగిపోయింది. పాత ఫోటోలు చూసి అదే వస్తుందని ఆశపడకండి.

దిగే విమానాన్ని ఇసుకలో నిలబడి చూడండి. ఎగిరే విమానం సంగతి వేరు. అది రన్‌వే చివర్న తోక మనవైపు పెట్టి ఇంజిన్లు పెంచుతుంది. ఆ గాలికి కంచె పట్టుకుని వేలాడటం కొందరికి సరదా. 2017లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒకామె అలాగే పడి, తలకి దెబ్బ తగిలి చనిపోయింది. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. పెద్దవాళ్లనీ పిల్లల్నీ కంచె వైపు, రోడ్డు వైపు పోనివ్వకండి, సామాను కూడా అటు పెట్టకండి. గాలికి లేచిన ఇసుక చురకల్లా తగులుతుంది.

మాహోలో స్నానం అంత బాగోదు, కెరటాలు ఎక్కువ, ఇసుక తక్కువ. కాస్త నడిస్తే ముల్లెట్ బే వస్తుంది. పొడవైన తెల్లటి ఇసుక, నీళ్లు కూడా చక్కగా ఉంటాయి. ముందు అక్కడ గంటన్నర, తర్వాత మాహోలో గంట అని పెట్టుకుంటే సరిపోతుంది.

వెళ్లడం ఎలాగంటే, రేవు దగ్గర టాక్సీలకి మీటర్లుండవు. ఎక్కడికి ఎంతన్నది ప్రభుత్వం ఖరారు చేసిన రేటే, అందుకని బేరం పెద్దగా తెగదు. కానీ ఎక్కేముందు మూడు సంగతులు తేల్చుకోండి: చెప్పిన డబ్బు మనిషికా బండికా, వెళ్లడానికేనా రానుపోనూనా, డాలర్లలోనేనా. ఇంకో దారి, ఊళ్లో బ్యాక్ స్ట్రీట్ నుంచి మినీ బస్సులు. నంబర్ ప్లేటు మీద బస్ అని, అద్దం మీద ఊరి పేరు ఉంటుంది. మన షేర్ ఆటోలాగే చెయ్యి ఊపితే ఆగుతుంది, రెండుమూడు డాలర్లలో పని అయిపోతుంది, ఎక్కేటప్పుడు అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పడం అక్కడి మర్యాద. వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు టాక్సీ అని పెట్టుకోండి.

వచ్చేటప్పుడు టాక్సీ అని ఎందుకన్నానో చెబుతాను. దారిలో సింప్సన్ బే దగ్గర లాగూన్ అనే ఉప్పునీటి సరస్సులోకి పడవలు వెళ్లడానికి ఒక వంతెన పైకి లేస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు మేం మాహోలో మూడింటికి బయల్దేరాం. మా ముందు ఏడెనిమిది బండ్లుండగా గంట మోగింది, అడ్డుకర్ర పడింది. వంతెన పైకి లేచి నిలబడింది. తెల్ల యాట్ ఒకటి పోయింది, హమ్మయ్య అనుకున్నాం. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మూడోది, అందులో ఒకాయన మాకు చెయ్యి కూడా ఊపాడు. మా డ్రైవర్ ఇంజిన్ ఆపేసి, సీటు వెనక్కి వాల్చుకున్నాడు. నాన్నగారు వాచీ చూడటం మానేసి విష్ణు సహస్రనామం అందుకున్నారు. గేటు దగ్గర దిగేసరికి నాలుగూ ఇరవై. వంతెన లేచే వేళలు ముందే నిర్ణయించి ఉంటాయి, వెళ్లేటప్పుడే డ్రైవర్‌ని అడిగి తెలుసుకోండి.

ఫిలిప్స్‌బర్గ్: మిగిలిన రెండు గంటలు

ఓడ జెట్టీ నుంచి ఊళ్లోకి ఒడ్డు వెంబడి నడక ఇరవై నిమిషాలు, పెద్దవాళ్లతో అయితే అరగంట. ఎండ ముదిరితే వాటర్ టాక్సీ ఎక్కండి, పడవ ఎదురుగా తీసుకెళ్లి, ఒడ్డు వెంబడి ఉన్న నడకదారి బోర్డ్‌వాక్ మీదే దింపుతుంది. రోజంతా ఎన్నిసార్లయినా తిరిగే టికెట్ కొనుక్కుంటే కట్టిన చేతి పట్టీ పారేయకండి. ఆఖరి పడవ ఎన్నింటికో టికెట్ కొనేటప్పుడే అడగండి.

ఈ ఊరిని 1763లో జాన్ ఫిలిప్స్ అనే స్కాట్లాండు మనిషి కట్టాడు, డచ్ నౌకాదళంలో కెప్టెన్. ఒకవైపు సముద్రం, వెనక గ్రేట్ సాల్ట్ పాండ్ అనే ఉప్పు చెరువు, మధ్యలో సన్నటి ఇసుక దిబ్బ మీద ఊరు. డచ్చివాళ్లు ఇక్కడికి వచ్చిందే ఆ ఉప్పు కోసం. చిన్నగంజాం ఉప్పు మళ్లు చూసినవాళ్లకి ఆ చెరువు వాసన ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. ఫ్రంట్ స్ట్రీట్‌లో తెల్లటి చెక్క కోర్టు భవనం ఉంది, 1793 నాటిది. కొప్పు మీద అనాసపండు బొమ్మ చూడండి.

ఫ్రంట్ స్ట్రీట్ అంతా నగల దుకాణాలు, కెమెరాలు, మద్యం. సగం కౌంటర్ల వెనక మనవాళ్లే, సింధీలు. ముఖం చూడగానే ‘ఆయియే’ అంటారు. కుర్చీ వేస్తారు, చల్లటి నీళ్లిస్తారు. ఇక లేవడం కష్టం. కొనాలనుకుంటే వాచీ లాంటివి ముందే అమెరికాలో రేటు చూసుకుని రండి, తేడా కనపడితేనే కొనండి. బంగారం సంగతికొస్తే ఇక్కడ ఎక్కువగా అమ్మేది 14, 18 క్యారెట్లది. 22 క్యారెట్ల తూకానికీ తరుగుకీ అలవాటుపడిన మన లెక్క దీనికి కుదరదు. రాళ్లూ డిజైనూ నచ్చి కొనుక్కుంటే కొనుక్కోండి గానీ, దాచుకోవడానికి మాత్రం కొనకండి. ఓడలో చేతికిచ్చిన ఉచిత చార్మ్‌ల (గొలుసుకి తగిలించే చిన్న బిళ్లల) కూపన్లు పట్టుకుని అత్తాకోడళ్లు పది కొట్లు తిరిగితే గంటన్నర అలాగే పోతుంది, చూసుకోండి. అమెరికాలో స్థిరపడినవాళ్లకి మనిషికి 800 డాలర్ల దాకా కస్టమ్స్ మినహాయింపు ఉంది, విజిటర్ వీసా మీదున్న అమ్మానాన్నలకి అంత ఉండదు. రసీదులు ఒకచోట పెట్టండి.

ఇక్కడిదే అని చెప్పుకోదగ్గది గావాబెర్రీ మద్యం. జామతో సంబంధం లేదు, కొండల మీద కాసే చిన్న పండ్లని రమ్ములో ఊరబెట్టి చేస్తారు. రుచి చూపించి అమ్ముతారు.

బజారు పని లేనివాళ్లని బోర్డ్‌వాక్ పక్కనే గ్రేట్ బే ఇసుకలో కూర్చోబెట్టండి. రెండు కుర్చీలు, ఒక గొడుగు, నాలుగు డ్రింకులు కలిపి ఒక రేటు చెబుతారు. టాక్సీలో తెగని బేరం ఇక్కడ తెగుతుంది, నాలుగడుగులు ముందుకేస్తే వెనక నుంచే తగ్గించి పిలుస్తారు. నీళ్లు నిదానంగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లు కాళ్లు తడుపుకోవడానికి మాహో కన్నా ఇదే మేలు.

ఏం తినాలి

శాకాహారులు ఓడలో గట్టిగా టిఫిన్ తిని దిగాలి. బయట బార్బెక్యూ, చేపలు, శంఖపు మాంసమే ఎక్కువ. అయినా పస్తులేం ఉండక్కర్లేదు. గయానా, ట్రినిడాడ్ వైపు నుంచి వచ్చినవాళ్ల రోటీ కొట్టు కనిపిస్తే శనగలు, బంగాళాదుంప కూర చుట్టిన రోటీ అడగండి. ఒకప్పుడు కూలికి ఓడలెక్కి ఆ దేశాలకి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కూర మన ఇంటి కూరలా ఉండదు, పసుపు ఎక్కువ, కానీ ఎవరిదో తెలిసినట్టే ఉంటుంది. జానీ కేక్ అనే వేపుడు రొట్టె, వేయించిన అరటి కూడా దొరుకుతాయి. రొట్టె ఏ కొవ్వులో చేశారో, అన్నంలో మాంసం నీళ్లేమైనా పోశారో అడిగి తీసుకోండి. మిరపకాయ పచ్చడి మాత్రం ముందు చుక్క వేసుకుని చూడండి. మనం గుంటూరు వాళ్లమని వాళ్లకేం తెలుసు, వాళ్ల మిరపకి మాత్రం జంకు లేదు.

ఫ్రెంచ్ వైపు వెళ్తానంటే

వీసా సంగతి తేలినవాళ్లు మాహో బదులు ఇది పెట్టుకోండి, రెండూ ఒకే రోజు వద్దు. మారిగో ఊళ్లో బజారు, పైన ఫోర్ట్ లూయీ ఎక్కితే లాగూన్ మొత్తం కనపడుతుంది. స్నానానికి ఓరియెంట్ బే. అయితే ఫ్రెంచ్ వైపు బీచ్‌లలో పైబట్ట లేకుండా ఎండ కాగేవాళ్లుంటారు, ఓరియెంట్ బే దక్షిణపు కొసన అసలు బట్టలే లేనివాళ్లు. మామగారితో వెళ్లేవాళ్లు ఉత్తరం వైపు దిగండి.

బీచ్‌లో ఒక చెట్టు

మంచినీల్ అనే చెట్టు కరేబియన్ ఒడ్డుల్లో ఉంటుంది, ఈ దీవిలోనూ ఉంది. నీడ చక్కగా ఉంటుంది, కింద చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు రాలి ఉంటాయి. కాయ తింటే నోరూ గొంతూ కాలిపోతాయి, పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వాన పడుతుంటే ఆ చెట్టు కింద నిలబడినా చాలు. కొన్నిచోట్ల మొదలుకి ఎర్ర గీత వేస్తారు, అన్నిచోట్లా వేయరు. పిల్లలకి ఒకటే మాట చెప్పండి: కింద రాలిన కాయ ఏదీ ముట్టుకోకూడదు.

తిరిగి ఎక్కడం

మూడున్నరకి గేటు దగ్గరుంటే మిగతాదంతా తీరికే. ఇసుక కడుక్కోండి, కార్డు చేతిలో పట్టుకోండి, కొన్న మద్యం సీసాలు స్కానర్ దగ్గరే తీసుకుని ఆఖరి రోజు ఇస్తారు, చీటీ అడిగి తీసుకోండి. ఒకవేళ నిజంగానే ఓడ తప్పితే రేవులోనే ఓడవాళ్ల ఏజెంటు ఉంటాడు. ఆ నంబరు ముందురోజు కాగితం మీద ఉంటుంది, పొద్దున దిగేముందే ఫోటో తీసుకోండి. తర్వాతి రేవుకి వెళ్లే ఖర్చు మాత్రం మీదే.

ఎక్కాక గదిలో పడుకోకండి. బయల్దేరే ముందు పై డెక్ మీదకి వెళ్లి, గ్రేట్ బేకి పడమటి ఒడ్డు కనపడేవైపు నిలబడండి. రేవు మీద సంచులు ఊపుకుంటూ పరుగెత్తేవాళ్లు ఎలాగూ కనపడతారు. వాళ్ల మీద నుంచి చూపు తిప్పితే ఎదురుగా కొండకొమ్ము మీద పాత గోడలున్నాయి, ఫోర్ట్ ఆమ్‌స్టర్‌డామ్. 1631లో డచ్చివాళ్లు కట్టారు, రెండేళ్లకే స్పెయిన్‌వాళ్లు లాక్కున్నారు. 1644లో దాన్ని మళ్లీ పట్టుకుందామని వచ్చి పీటర్ స్టైవెసాంట్ అనే డచ్చి అధికారి ఫిరంగి గుండుకి కాలు పోగొట్టుకున్నాడు. తర్వాత కొయ్యకాలితోనే వెళ్లి, ఇప్పుడు న్యూయార్క్ అంటున్న ఊరిని పాలించాడు. గోడల దగ్గర గోధుమరంగు పెలికాన్లు గూళ్లు కట్టుకుంటాయి. సాయంత్రం పూట అవి రెక్కలు ముడిచి నీళ్లలోకి రాయిలా పడి, చేపతో లేస్తాయి. ఓడ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి నాలుగైదుసార్లు చూడొచ్చు.